రంగుల గదికి గాలి

నిర్మల్
9-4-1964

హనుమండ్లుకు,

మేము బతికే ఉన్నాము. మీరూ ఉన్నారని గోదావరిఖని నుండి వచ్చిన మనిషి మొన్న అంగట్లో చెప్పినాడు. నువ్వు బొగ్గు బాయి దిగుడు మానేసి పైన పెద్ద పంకా కాడ కూర్చుంటున్నావని కూడా చెప్పినాడు. అందుకే ఈ ఉత్తరం. లేకుంటే రాయకపోదును.

ఇది నేనే రాస్తున్నాను. కొడుకు ముత్యం ఏడో తరగతి చదివినాడు, వాని చేత రాయించమని నా ఇంటిది లింగవ్వ అన్నది. నా మాట నా చెయ్యే రాయాలె. అక్షరాలు వంకర పోతే నువ్వే సర్దుకొని చదువుకో.

పన్నెండేండ్ల కింద నువ్వు నా పక్కన కుంచె పట్టి కూర్చున్నవాడివి. నా చెల్లె సక్కుబాయిని తీసుకొని, నకాశీ రంగుల పని ఇడిచిపెట్టి, కూలి ఎక్కువని బొగ్గుకు పోయినావు. అది నేను మరువలేదు. ఇప్పుడు దాని గురించి రాయను.

సంగతి ఏమంటే దుమ్ము. మన ఇంటి ముందటి బాట ఇప్పుడు లారీల బాట. నాగపూర్ నుండి హైదరాబాద్ దాకా తెరిపి లేకుండా నడుస్తున్నవి. నల్ల పూత పూసిన కర్ర పళ్ళెం ఆరేలోపల దాని మీద దుమ్ము కూర్చుంటున్నది. హైదరాబాద్‌లో మన సరుకు అమ్మే లక్ష్మీరాజం సేటు నలభై పళ్ళాలు వాపసు పంపినాడు. “చీమలు పాకినట్టున్నది” అని చీటీ రాసినాడు. నా పని మీద! దసరా ప్రదర్శనకు అరవై పళ్ళాలు కావాలెనట, ఒక్క చుక్క కనపడొద్దట.

నడిమి గది కిటికీలు నీ కాలం నుండి మూసే ఉంటవి, అందుకని ఇప్పుడు సందులన్నింటికీ కూడా కాయితం అంటించినాను. తలుపుకు గోనె కట్టినాను. నేను, ముత్యం, కోడలు రాజక్క, ముగ్గురం అందులోనే పని. అయినా దుమ్ము ఆగలేదు. గది పొయ్యి లెక్క ఉడుకుతున్నది. రాజక్క రెండు సార్లు కండ్లు తిరిగి పడ్డది. శనివారాలు ఒక్కపొద్దు ఉంటది, అందుకే. బంగారు గీత ఆమె లెక్క గీసే చెయ్యి ఈ ఊర్లో ఇంకొకటి లేదు, ఆమె పడితే పని పడ్డట్టే.

కరెంటు వచ్చింది. గాలి బాగుచేసే మర పెట్టుకొమ్మని అందరూ చెప్తున్నారు. ఒకడు నెత్తి మీద తిరిగే పంకా అంటాడు. ఒకడు గోడకు తొర్ర కొట్టి గాలిని బయటికి తోసే పంకా అంటాడు. నాగపూర్ ఆయన ఒకడు వట్టివేళ్ళ తడకల పెట్టె తెచ్చినాడు. తడకల మీద నీళ్ళు కారుతుంటే గాలి అందులో కడుక్కొని లోపలికి వస్తదట. మూడింట్లో ఏది?

నేను సలహా అడుగుతలేను. పంకాల సంగతి నీకు తెలుసు కాబట్టి అడుగుతున్నాను. తొందరగా రాయి.

పర్శరాములు


గోదావరిఖని
17-4-1964

పర్శరాములు బావకు,

నీ ఉత్తరం వచ్చిన పొద్దు సక్కుబాయి పొయ్యి మీది రొట్టె మాడబెట్టింది. మూడు సార్లు చదివించుకున్నది. “అన్న రాసిండా? అన్ననే రాసిండా?” అంటది. “గీ అక్షరాలు ఇంకెవలు రాస్తరు? ఒక్కొక్కటి ఒక్కొక్క దిక్కు పోతున్నది” అన్నాను. ఏడ్చింది, నవ్వింది, మాడిన రొట్టె నాకే పెట్టింది.

నేను కూర్చునే పంకా ఇంటి సంగతి చెప్తాను. మా పంకా ఇద్దరు మనుషుల ఎత్తు. ఒక దారిన మంచి గాలి బాయిలోకి దిగుతది, లోపలంతా తిరుగుతది, చెడు గాలిని పట్టుకొని ఇంకో దారిన పైకి వస్తది. అది ఆగకుండా చూసుడు నా పని. ఆగితే కింద మందికి ఊపిరుండదు.

నెత్తి మీది పంకా మాత్రం వద్దు. అది గాలిని బాగుచెయ్యదు, ఉన్న గాలినే కలుపుతది. అడుగున పండుకున్న దుమ్మును లేపి నీ పళ్ళెం మీద పోస్తది.

మిగిలిన రెండింటి సంగతి చెప్పాలంటే నాకు కొన్ని తెలవాలె. పన్నెండేండ్లలో మార్చి ఉంటావు, గది ఇప్పుడు ఎంత పెద్దది? తలుపు ఏ దిక్కు? దినానికి ఎన్ని రంగు డబ్బాలు తెరుస్తారు? రంగును పలుచన చేసే తిన్నెరు వాసన పొద్దున గది తెరవంగానే కొడుతదా? రాజక్క పడ్డ రెండు దినాలూ శనివారాలేనా?

దుమ్ము కంటికి కనపడ్తది బావా. గాలిలో కనపడనిది కూడా ఉంటది. నువ్వు ఉత్తరమంతా దుమ్ము గురించి రాసినావు, నాకు ఆ పిల్ల పడ్డదన్న కాడనే కన్ను ఆగింది.

నేను రాసేదాకా ఏదీ కొనకు.

హనుమండ్లు


నిర్మల్
30-4-1964

హనుమండ్లుకు,

నీ ప్రశ్నలు చదివితే ఠాణాలో నిలబడ్డట్టున్నది. అయినా చెప్తాను. గది పన్నెండు మూరలు పొడుగు, పది మూరలు వెడల్పు. తలుపు బాట దిక్కు. డబ్బాలు ఎన్ని తెరుస్తానంటే పనికి ఎన్ని కావాలెనో అన్ని.

వాసన అడిగినావు. నా గదిలో ఏ వాసనా లేదు. పొద్దటి నుండి పొద్దు గూకేదాకా నేనే కూర్చుంటాను, నాకంటే ఎవనికి తెలుసు? తిన్నెరు కొత్తగా వచ్చినప్పుడు ముక్కు పగిలేది. ఇప్పుడొచ్చే సరుకు మంచిది, నీళ్ళ లెక్క ఉంటది, వాసనే రాదు.

రాజక్క ఒకసారి శనివారం పడ్డది, ఒకసారి మంగళవారం. మంగళవారం ఎందుకు పడ్డదో నాకు తెలవదు. ఆ పిల్ల నోరు తెరిచి ఏమీ అనదు. గదిలో నా ముందు కూర్చున్నంత సేపు ముక్కు మీదికి కొంగు కప్పుకొనే పని చేస్తది. మామ ముందు ఎట్లుండాలెనో వాళ్ళ అవ్వ నేర్పి పంపింది. ఈ కాలంలో ఆ మర్యాద ఏ ఇంట్లో ఉన్నదో చూపించు.

నువ్వు కొనొద్దన్న ఉత్తరం వచ్చేసరికే నేను కొన్నాను. వట్టివేళ్ళ పెట్టె. నాగపూర్ ఆయన అరుగు మీద కూర్చొని, “బాబా, ఏకదం సాఫ్ హవా. మీ పళ్ళెం మీద ఈగ సుత వాలది” అన్నాడు.

“ఈగ సంగతి నేనడగలే. దుమ్ము సంగతి చెప్పు.”

“దుమ్ము నీళ్ళల్ల మునిగి సస్తది బాబా.”

ఆ మాట నాకు నచ్చింది. దుమ్ము చావాలె. నేను ఊరికే ఆపుదామని చూస్తుంటి.

మూడు దినాలైంది. పళ్ళెం మీద ఒక్క చుక్క లేదు. గది కూడా చల్లబడ్డది. నువ్వు ఇంకా ప్రశ్నలే రాస్తుండు.

పర్శరాములు


నిర్మల్
9-5-1964

హనుమండ్లుకు,

పళ్ళాలు తెల్లబడ్డవి.

నల్లగా అద్దం లెక్క ఉండాల్సినవి పాలు చిలకరించినట్టు అయినవి. దుమ్ము చుక్క లేదు, నలుపూ లేదు. ఇరవై రెండు పళ్ళాలు. ముత్యం తుడిచినాడు, పోలేదు. నేను గీకినాను, కర్ర తేలింది. నాగపూర్ ఆయన జాడ లేదు.

నాకు కూర్చుంటే కూర్చోబుద్ధి అయితలేదు, నిలబడితే నిలబడబుద్ధి అయితలేదు. టపా వేళకు బాట మీదికి పోయి నిలబడుతున్నాను. “గట్ల అటీటు తిరగకయ్యా, చూసెటోళ్ళకు కండ్లు తిరుగుతున్నయి” అని లింగవ్వ మొత్తుకుంటున్నది.

నీళ్ళ వల్లనేనా ఇది? ఒక్క ముక్క రాయి. రాజక్కకు కూరలో రుచి తెలుస్తలేదట, పప్పులో ఉప్పు రెండు సార్లు వేసింది, ఇంట్లో ఎవరమూ తినలేకపోయినాము. అన్నీ ఒక్కసారే వచ్చి పడ్డవి.

పర్శరాములు


గోదావరిఖని
16-5-1964

బావా,

నీళ్ళ వల్లనే. పూత ఆరేటప్పుడు పళ్ళెం చల్లబడ్తది. తడి గాలి తగిలితే కొత్తకుండకు చెమట పట్టినట్టు పూతకు తడి పట్టుకుంటది, తెల్లగా బూజు లెక్క నిలబడిపోతది. ముసురు పట్టిన దినం డబ్బా మూత తియ్యొద్దని నన్ను చెయ్యి మీద కొట్టి చెప్పినవాడివి నువ్వే. ఇప్పుడు ముసురును పెట్టెలో పెట్టి ఇంటికి కొనుక్కొచ్చినావు.

తిడుతున్నానని అనుకోకు. తిట్టే అవకాశం నాకు మళ్ళీ ఎప్పుడొస్తదో తెలవదు.

ఇక అసలు మాట. ఈ కవరులో చిన్న పొట్లం పెట్టినాను. విప్పకు. ముక్కు కాడ పట్టుకొని అదేందో నాకు రాయి. లింగవ్వను అడగొద్దు, ముత్యాన్ని అడగొద్దు. దీనికీ నీ గాలి మరకూ సంబంధం ఉన్నది, నవ్వులాట కాదు.

రాజక్కకు రుచి తెలుస్తలేదన్నది రెండు సార్లు చదివినాను. నా జవాబు వచ్చేదాకా ఆ పిల్లను గదిలో కూర్చోబెట్టకు.

హనుమండ్లు


నిర్మల్
28-5-1964

హనుమండ్లుకు,

పొట్లం ముట్టింది. ఇక్కడ కొత్త టపా జవాను వచ్చినాడు, వానికి ఎక్కడ లేని గర్వం. నీ కవరును రెండు వేళ్ళ కొసలతో పట్టుకొని, మొఖం అటు తిప్పుకొని, నా ఒడిలో పడేసి పోయినాడు. ప్యాంటు తొడిగితే నకాశోళ్ళు కండ్లకు ఆనరు. లింగవ్వ కూడా కవరు చూసి ముక్కు ఎగబీల్చి ఏదో అనబోయింది, నువ్వు అడగొద్దన్నావని నేను నోరు మూయించినాను.

అందులో ఉన్నది కర్పూరం. మీరిద్దరూ ధర్మపురి పోయి వచ్చినారని నాకు తెలిసింది. దేవుని కర్పూరం పంపినావు, కండ్లకద్దుకున్నాను. పిల్లలకు పెట్టే పరీక్షలు నాకు పెట్టకు.

పెట్టెను పెరట్లో పడేసినాను, కోళ్ళు పండుకుంటున్నవి. గోడకు తొర్ర కొట్టి, నిజామాబాద్ నుండి పంకా తెప్పించి, గాలి బయటికి కొట్టేటట్టు బిగించినాను. పావుగంటకు నేను అంటించిన కాయితాలు లోపలికి ఉబ్బినవి. తర్వాత పటపట ఊడినవి. తలుపుకు కట్టిన గోనె లోపలికి గుంజుకపోయింది. పెంకుల సందుల నుండి, దూలాల నుండి, ముప్పై ఏండ్ల దుమ్మంతా జల్లెడ పట్టినట్టు దిగింది. పళ్ళెం మీద చెయ్యి పెడితే ఇసుక కాయితం.

పంకా ఆపినాను. మళ్ళీ కాయితాలు అంటించినాను. దసరాకు అరవై పళ్ళాలు కావాలె, పని ఆపితే ఎట్ల? రాజక్క నిన్న గీత సగం గీసి బయటికి ఉరికి వాంతి చేసుకున్నది. కడుక్కొని వచ్చి మళ్ళీ కూర్చున్నది. నేను కూర్చోమనలేదు, ఆమెనే కూర్చున్నది. గీత మాత్రం వణికింది.

ఏ మర సరైనదో చెప్తే చెప్పు, లేకుంటే లేదు.

పర్శరాములు


గోదావరిఖని
5-6-1964

బావా,

పొట్లంలో ఉన్నది ఇంగువ.

జవానుకు గర్వం లేదు, కంపు తట్టుకోలేక అట్ల పట్టుకున్నాడు. ఇక్కడ టపా కచేరీలో కూడా నన్ను తిట్టినారు. రెండిండ్ల అవతలికి కొట్టే ఇంగువను నువ్వు కర్పూరమన్నావు. వాసన చూసి చెప్పలేదు, ధర్మపురి యాద్ చేసుకొని లెక్క కట్టి చెప్పినావు. నీ ముక్కు సచ్చింది బావా. నీ గదిలో వాసన లేదన్నప్పుడే నాకు అనుమానమొచ్చింది. తిన్నెరుకు వాసన లేకపోవుడు ఎక్కడన్నా ఉన్నదా?

నాకెట్ల తెలుసంటే, నాదీ అంతే. బొగ్గుకు పోయిన మూడేండ్లకు, పాత బాయిలో ఒక దినం బొగ్గు వేడెక్కి లోపల వాసన పుట్టింది. ఆ వాసన తగిలితే మంది చేతిలోది కింద పెట్టి బయటికి నడవాలె, అది అందరికీ తెలిసిన పని. అందరూ నడిచినారు. నేను కూర్చొని సద్ది తింటున్నాను. మా పని చూసే సర్దార్ నాగయ్య వెనుకకు వచ్చి చూసినాడు.

“ఏందిరా, చెవుడా నీకు?”

“ఎవలు పిలిసిండ్రు నన్ను?”

“పిలుసుడేంది? వాసన వస్తలేదా?”

“ఏం వాసన?”

అతను నా మొఖం చూసి, రెక్క పట్టి లేపినాడు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ తర్వాత నన్ను దిగనియ్యలేదు. పంకా ఇంట్లో పెట్టినారు.

కూలి ఎక్కువని పోయినానని నీకు చెప్పినాను. అది అబద్ధం. నీ గదిలో నాకు దినాము వాంతి వచ్చేది. తల పగిలేది. సక్కుబాయి ఏం వండినా మట్టి నమిలినట్టుండేది. ఆ మాట చెప్తే నలుగురిలో “రంగుకే తట్టుకోనోడు” అంటావని చెప్పలేదు. ఆ దినం నేను నోరు తెరిచి ఉంటే నీ కిటికీలు ఎప్పుడో తెరుచుకునేవి. ఇవాళ ఆ పిల్ల అదే చాప మీద కూర్చొని అదే మింగుతున్నది. నీ తప్పు ఎంతనో నాది అంత.

సక్కుబాయి ఒక్క మాట రాయమంటున్నది: “అన్నా, రాజక్క వంటింట్ల నీకు బువ్వ పెట్టేటప్పుడు సుత ముక్కుకు కొంగు కప్పుకుంటదా?”

ఇయ్యాల్నే గది తెరువు. మర సంగతి తర్వాత చూద్దాము.

హనుమండ్లు


గోదావరిఖని
27-6-1964

బావా,

ఇరవై దినాలు దాటింది, నీ జవాబు లేదు. కోపం వస్తే రానీ. తిట్టుకుంటూనన్నా రాయి. రాజక్క ఆ గదిలో ఉన్నదా లేదా, ఆ ఒక్క మాట చాలు, ఇంకేమీ రాయకు.

సక్కుబాయి బుధవారం మూట కట్టుకొని బయలుదేరింది. లక్సెట్టిపేట దాటినంక వాగు పొంగి బస్సు ఆగింది. తడిసి వాపసు వచ్చింది. నా మీద పడి, “ఇంగువ పంపుడేంది, మనిషి పోవాలె గని” అంటున్నది. పంకా కాడ కూర్చుంటే నాకు దాని చప్పుడు వినపడతలేదు, నీ టపా జవాను అడుగుల చప్పుడే వినపడుతున్నది.

రాయి.

హనుమండ్లు


నిర్మల్
8-7-1964

హనుమండ్లు బావా,

ఆ పిల్ల గదిలో లేదు. ముందు అది చదువుకో.

నీ ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చింపినాను. తర్వాత ముక్కలు కలిపి మళ్ళీ చదివినాను. నువ్వు అబద్ధమాడుతున్నావని చూపెట్టాలనుకున్నాను. లింగవ్వను పిలిచి, “కండ్లు మూసుకుంటా, ఇంట్ల ఉన్నయి ఒక్కొక్కటి తెచ్చి నా ముక్కు కాడ పెట్టు” అన్నాను.

“ముసలితనంల గిదేం ఆట?” అన్నది. తెచ్చింది.

“ఉల్లిగడ్డ” అన్నాను.

“కాదు.”

“మల్లెపూలు.”

“కాదయ్యా, జర మంచిగ చూడు.”

“గ్యాసునూనె!”

కండ్లు తెరిచి చూస్తే ఆమె చేతిలో నా చెప్పు ఉన్నది. నవ్వుదామని తెచ్చినట్టున్నది. నవ్వలేదు. చెప్పు కింద పెట్టి, కొంగుతో మొఖం తుడుచుకొని పోయింది.

తెల్లారి బువ్వకు కూర్చొని రాజక్కను చూసినాను. కొంగు భుజం మీదనే ఉన్నది. “ఇంకింత పప్పెయ్యన్నా మామా?” అని నా మొఖం చూసే అడిగింది. ఏడేండ్ల నుండి అట్లనే పెడుతున్నది. నేను తిన్నాను గని చూడలేదు.

“రంగుల గదిల కొంగెందుకు కప్పుకుంటవు బిడ్డా?” అన్నాను. ముత్యం తినే చెయ్యి ఆపినాడు.

“చెప్పు.”

“ఊపిరాడది మామా.”

“ఎప్పటి సంది?”

“వచ్చిన కాడి సంది.”

“మరి చెప్పవా?”

“మీరు ఏం గాకుండ కూసుంటరు గద. నాకే చేతగాదనుకున్న.”

అప్పుడు ముత్యం, “నాకు సుత తల నొస్తది బాపు” అన్నాడు.

“నువ్వు సుత చెప్పలేదేందిరా?”

“చెప్తే హనుమండ్లు మామ లెక్క బొగ్గుకు పొమ్మంటవని.”

చెయ్యి కడుక్కొని లేచినాను. గది కాయితాలన్నీ చింపినాను, గోనె పీకినాను, కిటికీలు తెరిచినాను. ఆ దినం నుండి కుంచె ముట్టలేదు. రాజక్కను డాక్టరుకు చూపించినాము. గాలి తగలాలె, ఆ పని కాడికి పోవద్దన్నాడు. మందు రాసిచ్చినాడు.

నీకెందుకు రాయలేదంటే ఏం రాయాలెనో తెలవలేదు. వాకిట్లకు పోతాను, వస్తాను. సేటు ఉత్తరం మీద ఉత్తరం రాస్తున్నాడు. ఈ అరవై పళ్ళాలు పోతే వచ్చే ఏడు వాడు వేరే ఇంటికి పోతడు, ముత్యానికి వేరే పని రాదు. గది తెరిస్తే దుమ్ము, మూస్తే ఆ పిల్ల. రెండూ కాకుండా ఏ మర ఉన్నది? ఈసారి సలహానే అడుగుతున్నాను.

పర్శరాములు


గోదావరిఖని
16-7-1964

బావా,

సక్కుబాయి నీ ఉత్తరం దేవుని గూట్లో పెట్టింది, చెప్పు సంగతి ఉన్నా సరే.

కొత్త మర కొనకు. నీ పంకానే చాలు, దాన్ని విప్పి తిప్పి పెట్టు, గాలి లోపలికి కొట్టాలె. నువ్వు గాలిని బయటికి తోలినావు. తోలిన గాలి జాగలకు ఇంకో గాలి ఎక్కడి నుండన్నా రావాలె గదా. నీ పెంకుల సందున దుమ్మును పట్టుకొని వచ్చింది. లోపలికి తోలితే గది నిండుతది, ఏ సందున చూసినా గాలి బయటికే పోతది, దుమ్ముకు లోపలికి దారుండదు.

పంకాను బాట దిక్కు కాదు, పెరటి దిక్కు బిగించు. దాని వెనుక కర్ర చట్రం కట్టి మూడు వరుసల ముతక గాడగుడ్డ గుంజి కొట్టు, దుమ్ము అక్కడ ఆగుతది. చట్రం పంకాకు మూడింతలు ఉండాలె, చిన్నదైతే పంకాకు గాలి అందదు. పొడి గుడ్డనే, చుక్క నీళ్ళు వద్దు. వారానికొకసారి దులిపి ఉతికి, బాగా ఎండినంకనే పెట్టు. ఇక్కడ సాలోళ్ళ మగ్గం మీది గుడ్డ కొని లారీ మీద పంపినాను.

ఎదురు గోడకు తొర్ర కొట్టు. పైన కాదు, నేల మట్టంలో. తిన్నెరు గాలి బరువు, బాయిలో చెడు గాలి లెక్క అడుగున పారుతది. నువ్వు పీట మీద కూర్చుంటావు, ఆ పిల్ల చాప మీద కూర్చుంటది. నీకంటే ఎక్కువ ఆమెనే మింగింది. ఆమెకు కూడా ఎత్తు పీట వెయ్యి. పొయ్యి, బీడీ ఆ దరిదాపులకు రావొద్దు, ఆ గాలి అంటుకుంటది.

ఇదంతా సరిగ్గా అయ్యిందా లేదా నువ్వు చెప్పలేవు. నాకూ పూర్తిగా తెలవదు, మిరపకాయలు వేగితే కొంచెం తెలుస్తది, ఇంగువ సగమే. అందుకని మరను ఎంచుకునేది మనం కాదు. డాక్టరు ఒప్పుకున్నంక రాజక్కను గుమ్మంలో నిలబెట్టి అడుగు. ఆమె బాగుందంటేనే డబ్బా మూత తియ్యి. లేదంటే తియ్యకు. నువ్వు ఆగలేవని నాకు తెలుసు. ఆగు.

హనుమండ్లు


నిర్మల్
6-10-1964

హనుమండ్లు బావకు, సక్కుబాయికి,

రాజక్క మంచిగున్నది. మొన్న పులుసులో ఉప్పు తక్కువైందని అత్తతో కొట్లాడింది. కండ్లు తిరుగుడు శ్రావణం నుండి లేదు.

నువ్వు రాసినట్టే కట్టినాను, డాక్టరు కూడా ఒప్పుకున్నాడు. మొదటి దినం రంగు డబ్బా తెరిచి పెట్టి, పంకా నడిపించి, ఆమెను గుమ్మంలో నిలబెట్టినాను. “ఇంకా ఉన్నది మామా” అన్నది. “ఎక్కడున్నది?” అని నేను గొడవ పడ్డాను. నా ముక్కుకు ఏమీ తగలదు కదా! “గీ మూలకు” అని చూపించింది. చూస్తే తొర్ర పంకాకు ఎదురుగా పడ్డది, గాలి ఇట్ల వచ్చి అట్ల పోతున్నది, మూల కదలుతలేదు. మూల దిక్కుకు ఇంకో తొర్ర కొట్టినాను. “జరంత ఉన్నది” అన్నది. ఆ రెండూ పెద్దవి చేసినాను. గోడ మొత్తం కూలుస్తావా అని లింగవ్వ అడిగింది. మూడోసారికి రాజక్క లోపలికి పోయి చాలా సేపు నిలబడి, “ఇప్పుడు కూసోవచ్చు” అన్నది.

ఆ దినం నుండి అదే పద్ధతి. పొద్దున ఆమె పోయి చూసి చెప్పాలె. మధ్యలో లెమ్మంటే లేవాలె. నాకు అరచేతులు దురద పెడతవి బావా. కలిపిన రంగు గిన్నెలో చిక్కబడుతుంటది, నేను గుమ్మం బయట కుంచె పట్టుకొని నిలబడతాను, ఆమె లోపల ఊపిరి తీసి చూస్తుంటది. అరవై ఏండ్ల మనిషిని. అయినా నిలబడుతున్నాను.

నలభై నాలుగు పళ్ళాలైనవి. చుక్క లేదు, తెలుపు లేదు. ఇంకా పదహారు కావాలె. దసరాకు పది దినాలు కూడా లేవు.

నిన్న లక్ష్మీరాజం సేటు తానే వచ్చినాడు, పళ్ళాలు తీసుకొని పోదామని. నిన్నంతా ఎదురుగాలి. తొర్రల నుండి గాలి బయటికి పోవుడు పోయి లోపలికే తన్నింది. రాజక్క వద్దన్నది. సేటుకు అర్థం కాలేదు.

“ఏం పర్శరాములూ, మర తిరుగుతుంది, రంగున్నది, మనుషులున్నరు. మరి పని ఆపుడెందుకు?”

“కోడలు ఒప్పుకోలే.”

“కోడలు ఒప్పుకునుడేంది? పళ్ళెం మీద పేరెవలిది?”

“పేరు నాది. ముక్కు ఆమెది.”

“ఒక్క పూట మింగితే సస్తరా?”

“నేను ఏండ్ల తరబడి మింగిన. నీ జేబులున్న అత్తరు బుడ్డి నా ముక్కు కాడ పెట్టు, అది ఏ పువ్వుదో చెప్తనేమో చూడు.”

వాడు నవ్వులాటకు చేతి రుమాలు మీద అత్తరు రాసి పెట్టినాడు. చెప్పలేనని చెప్పినాను. వాడు రుమాలు జేబులో పెట్టుకొని అరుగు మీద కూర్చున్నాడు. రాత్రికి మా ఇంట్లోనే పండుకున్నాడు. ఇవాళ గాలి తిరుగుతదని చూస్తున్నాడు.

నేను కూడా అదే చూస్తూ ఇది రాస్తున్నాను. తొర్ర కాడ దారం కట్టినాను. అది ఒకసారి బయటికి ఊగుతున్నది, ఒకసారి లోపలికి. రాజక్క ఇప్పుడే లోపలికి పోయింది. వంగి తొర్రల కాడ చూసింది. నా పీట కాడ చూసింది. తన పీట మీద కూర్చొని చూసింది. సేటు అరుగు దిగి నిలబడినాడు. ఎల్లుండి రాత్రికి సరుకు లారీ ఎక్కాలె, ఇవాళ ఆరు పళ్ళాలన్నా పడితే మిగిలినవి రేపూ ఎల్లుండీ అయితవి. పడకుంటే కావు.

బయటికి వచ్చింది.

“పొద్దెక్కినంక చూద్దామా బిడ్డా?” అని నేనే అడిగినాను. అడగకుండా ఉండలేకపోయినాను.

“వద్దు మామా. ఇయ్యాల గాదు.”

ముత్యం డబ్బాల మూతలు బిగిస్తున్నాడు. కలిపిన రంగు పారబోయమన్నాను. అరవై కావని సేటుకు నేనే చెప్పాలె, కోడలితో చెప్పించను. పోయి చెప్తాను.

నీ బావ
పర్శరాములు